వీధిబడి పలకలు, తాటాకులు: ఊరి మ్యూజియంలో పెట్టే ముందు

పాత పలక చేతికి రాగానే కడిగేయాలనిపిస్తుంది. కడగొద్దు. దానిమీద మిగిలిన బలపం గీతలకే విలువ. తడిగుడ్డ తగిలితే పోతాయి. ముందు ఫొటో తీయండి. చెక్కచట్రం నుంచి సన్నటి పొడి రాలుతుంటే పురుగు ఉన్నట్టే, ఆ పలకను విడిగా పెట్టండి.

తాటాకులకు ఓపిక కావాలి. మెత్తటి కుంచెతో ఆకు పొడవునా దులపాలి. అడ్డంగా రుద్దితే పీచు లేస్తుంది. పెళుసెక్కితే సిట్రొనెల్లా నూనె (ఒక రకం వాసనగడ్డి నుంచి తీసేది) దూదితో పలచగా అద్దండి, ముందు ఓ మూల పరీక్షించి. ఘంటంతో, అంటే ఇనుప మొనతో, అక్షరాలు చెక్కిన ఆకులకే ఈ నూనె. సిరాతో రాసినవాటికి వద్దు. కట్టకు పైనా కిందా ఆకుకంటే కాస్త పెద్ద చెక్కలు పెట్టండి. తాడు బిగిస్తే అంచులు చిట్లుతాయి.

వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) చాలు. కిటికీ ఎదుట మాత్రం పెట్టకండి.