మొదటిసారి చర్చికి వెళ్తున్నారా?

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో ఆదివారం ఆరాధనకి కొత్తగా వెళ్లేవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. గుమ్మం దగ్గర అందరి చెప్పులూ కనిపిస్తే మీవీ అక్కడే విడవండి, ఎవరైనా "వందనాలండీ" అంటే మీరూ అదే అనండి. పాటల పుస్తకం లేకపోతే పక్కవాళ్లే అందిస్తారు. కానుకల సంచి మీ దాకా వస్తే ఏమీ వేయకుండా పక్కకి ఇచ్చేసినా ఎవరూ ఏమీ అనుకోరు, నిజంగా.

ఒక్కటి మాత్రం ముందే తెలిస్తే మంచిది: సంస్కారం రోజున, అంటే యేసు చివరి భోజనాన్ని గుర్తుచేసుకునే రోజున, రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ ముందుకు వెళ్తుంటే మీరూ లేవాలేమో అనిపిస్తుంది, కానీ అది బాప్తిస్మం పొంది సంఘంలో చేరినవాళ్లకి, కాబట్టి మీరు హాయిగా కూర్చునే ఉండండి. కొన్నిచోట్ల కొత్తవాళ్లని లేచి పేరు చెప్పమంటారు, ఇష్టం లేకపోతే పాస్టరుగారికి ముందే చెప్పేయండి. మెదక్ చర్చి లాంటి చోటికి వెళ్తే ఫొటోలు ఆరాధన అయ్యాకే.