పిల్లల జ్వరం, రక్తపరీక్ష కాగితం – 4వ పాఠం: ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూడకండి

గత పాఠంలో తెల్లకణాల దగ్గర ఆగాం. ఈసారి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వానలు మొదలైతే చాలు, వీధిలో కనిపించిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న: "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" ప్లేట్‌లెట్లంటే రక్తం గడ్డకట్టడానికి సాయపడే చిన్న కణాలు. ఇంట్లో పాత సీబీసీ (రక్తకణాల లెక్క) కాగితం ఉంటే పక్కన పెట్టుకుని చదవండి.

ముందు అసలు సంగతి. క్రిమి మీద పోరాడే ఏర్పాటు, రక్తం గడ్డకట్టే ఏర్పాటు వేర్వేరు శాఖలనుకుంటాం. కాదు. ఊళ్లో దొంగ పడ్డాడని కేక వినిపిస్తే కొందరు కర్రలు పట్టుకుంటారు, కొందరు వీధి చివర్లకు బళ్లు అడ్డం పెడతారు. ఒంట్లోనూ అంతే. క్రిమి తగలగానే కొన్ని తెల్లకణాలు గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే పదార్థాన్ని పైకి తెస్తాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలైతే తమ డీఎన్‌ఏనే వలలా విసురుతాయి. 2004లో బెర్లిన్ శాస్త్రవేత్తలు చెప్పేదాకా ఈ వల సంగతి తెలియదు. ఆ వలకు ప్లేట్‌లెట్లు అతుక్కుని సన్నని రక్తనాళాన్ని మూసేస్తాయి. క్రిమి ముందుకు పోలేదు.

పక్క ఒడిశాలో, బాలాసోర్ తీరంలో దొరికే గుర్రపునాడా పీతకైతే ఈ రెండు పనులూ ఒకే కణం చేస్తుంది. కొన్ని బాక్టీరియాల విషం తగిలితే చాలు, దాని రక్తం అక్కడికక్కడే గడ్డకడుతుంది. ఇంజెక్షన్ మందుల్లో ఆ విషం ఉందో లేదో ఎక్కువగా చూసేది ఈ రక్తంతోనే.

ఈ మూసివేత ఒకచోట ఆగితే మంచిదే. ఒళ్లంతా పాకితేనే ప్రమాదం. ఎక్కడపడితే అక్కడ చిన్న గడ్డలు కట్టి, ప్లేట్‌లెట్లు, గడ్డకట్టించే పదార్థాలు ఖర్చైపోతాయి. ఆపైన రక్తం ఆగదు. ఒకే బిడ్డకు ఒకేసారి గడ్డలూ, రక్తస్రావమూ. సెప్సిస్ (క్రిమి మీద పోరాటం అదుపు తప్పి ఒంటినే దెబ్బతీయడం) తీవ్రమైతే జరగగలిగేది ఇదే.

ఇక కాగితం. పైన పెన్నుతో ఇది జ్వరం ఎన్నో రోజో రాయండి. అది లేకుండా ఏ అంకెకూ అర్థం లేదు. తర్వాత రెండు వరసలు: ప్లేట్‌లెట్లు (మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు), హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పే అంకె; కొన్ని ల్యాబులు పీసీవీ అని వేస్తాయి).

డెంగీలో తల్లి వచ్చి, "జ్వరం తగ్గిపోనాది మేడం, కడుపునొప్పని ఒకటే ఏడుపు" అంటుంది. సగం మంది ఆ మొదటి మాట విని ఊపిరి పీల్చుకుంటారు. మీరు రెండో మాట వినాలి. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగే వేళే గండం. క్రిమి కంటే దాని మీద ఒళ్లు చేసే హడావుడికే రక్తనాళాల గోడలు వదులై, నీరు బయటికి కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, హెమటోక్రిట్ పెరుగుతుంది. మొదట 36 ఉందనుకోండి. అందులో 20 శాతం పెరుగుదల అంటే 7 చిల్లర. 43 దాటిందంటే నీరు బాగా కారుతున్నట్టే. డెంగీలో పిల్లలు ఎక్కువగా షాక్‌లోకి (ఒంటికి రక్తం చాలినంత అందని స్థితిలోకి) వెళ్లేది ఈ కారుడు వల్ల. అందరూ ప్లేట్‌లెట్లనే పట్టుకుని వేలాడతారు. బొప్పాయాకు రసం కోసం ఊరంతా తిరిగే ఓపిక ఓఆర్‌ఎస్ తాగించడం మీద పెడితే బాగుణ్ణు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు.

ఇంకో కాగితం చూడండి. ప్లేట్‌లెట్లు 12,000, మిగతావన్నీ మామూలే. పిల్లేమో అరుగు మీద గెంతుతోంది. రెండు వారాల కిందట జలుబు చేసింది, అంతే. మొలతాడు కట్టేచోట, సాక్సు పట్టీ నొక్కేచోట ఎర్రటి చుక్కలు. దీన్ని ఐటీపీ అంటారు. క్రిమి మీదకు తయారైన యాంటీబాడీలు పొరపాటున ప్లేట్‌లెట్లకు అంటుకుంటే, వాటిని ప్లీహం మింగేస్తుంది. అంకె చూస్తే గుండె ఆగుతుంది గానీ, చాలామంది పిల్లలకు ఆరు నెలల్లోపు అదే సర్దుకుంటుంది. పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే. ఈలోగా కండకు సూది మాత్రం వేయించొద్దు, తలకు దెబ్బ తగలనివ్వొద్దు.

అంకె ఎక్కువున్నా నిశ్చింత కాదు. అయిదు రోజులు దాటినా తగ్గని జ్వరం, పుసి లేకుండా ఎర్రబడ్డ కళ్లు, పగిలిన పెదాలు ఉంటే కవసాకి జబ్బేమో (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) చూడాలి. అందులో రెండో, మూడో వారంలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. గుండె రక్తనాళాలు ఉబ్బి అక్కడ గడ్డ కట్టొచ్చు. ఇక్కడ డాక్టర్లే ఆస్పిరిన్ ఇస్తారు. ఇంట్లో సొంతంగా మాత్రం వద్దు.

ఒక్కోసారి తప్పు శాంపిల్‌దే. పసివాళ్ల నరం దొరక్క పొడిచి పొడిచి తీస్తే, ఊదారంగు మూత గొట్టంలోనే ప్లేట్‌లెట్లు ముద్దకట్టి, యంత్రం తక్కువ చూపిస్తుంది. పిల్లాడు బాగుండి అంకె భయపెడితే, రక్తపు చుక్కను స్లైడు మీద మైక్రోస్కోపుతో చూడమని అడగండి.

చుక్కలు కనిపిస్తే గాజు గ్లాసు ఆనించి నొక్కండి. రంగు మాయమైతే రక్తం నాళంలోనే ఉంది. మాయం కాకపోతే బయటికి వచ్చేసింది. చామనఛాయ పిల్లలకు అరచేతులు, అరికాళ్లు, నోటి లోపల చూడాలి. జ్వరంతో పాటు మాయం కాని ఊదా మచ్చలు, మగత ఉంటే ఏ రిపోర్టు కోసమూ ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

అభ్యాసం: రాజాంలో నాలుగేళ్ల పాప. జ్వరం లేదు, ఆడుకుంటోంది, ప్లేట్‌లెట్లు 14,000, హెమటోక్రిట్ 35. పాలకొండలో ఎనిమిదేళ్ల బాబు. అయిదో రోజు పొద్దున జ్వరం దిగింది, మూడుసార్లు వాంతి, ప్లేట్‌లెట్లు 82,000, హెమటోక్రిట్ మొన్న 37, ఇవాళ 45. బండి ఒక్కటే ఉంటే ముందు ఎవరిని ఎక్కిస్తారు, ఎందుకు? రెండు వాక్యాల్లో రాసి ఉంచండి. అయిదో పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.