గుర్తులేని అయస్కాంతంలో ఉత్తర ధ్రువం ఏదో కనిపెట్టడం ఎలా?

రంగూ అక్షరమూ లేని దండాయస్కాంతానికి ధ్రువాలు గుర్తించాలంటే ఒక దారం, కాస్త ఓపిక చాలు.

1. అయస్కాంతం నడుముకు సన్నటి దారం కట్టి, అటూ ఇటూ ఒరగకుండా చెక్క కర్రకు వేలాడదీయండి. దారానికి పురి ఉంటే అది విప్పుకుంటూ అయస్కాంతాన్నీ తిప్పేస్తుంది. ఫలితం తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఇనుప సామాను, స్పీకర్లు, ఫోన్లు కనీసం మీటరు దూరంలో ఉండాలి.

2. ఊగడం ఆగాక ఉత్తరం వైపు తిరిగిన కొసకు గుర్తు పెట్టండి. అదే ఉత్తర ధ్రువం. చేత్తో తిప్పి వదిలేసి మళ్లీ చూడండి; ప్రతిసారీ అదే కొస అటే రావాలి. బిళ్ల అయస్కాంతాలకు సాధారణంగా ధ్రువాలు చదునైన ముఖాల మీద ఉంటాయి కాబట్టి వాటిని అంచు మీద నిలబడేలా కట్టాలి.

3. ఇప్పుడు దీనితో మిగతావాటిని పరీక్షించవచ్చు. గుర్తు పెట్టిన కొసను నెట్టేసేది ఉత్తర ధ్రువం. అతుక్కుంటే మాత్రం తొందరపడకండి: మామూలు ఇనుప ముక్క కూడా అతుక్కుంటుంది. వికర్షణ ఒక్కటే నమ్మదగ్గ రుజువు.

దిక్సూచి ఉంటే పని ఇంకా తేలికే, కానీ చాలా బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని దానికి ఆనించొద్దు. సూది ధ్రువాలు తారుమారై, ఆ తర్వాత ఉత్తరాన్ని దక్షిణంగా చూపించవచ్చు. అర మీటరు నుంచి మెల్లగా దగ్గరికి తెచ్చి, సూది కదలగానే ఆపేయండి.

విజాతి ధ్రువాలే ఆకర్షించుకుంటాయి కదా, మరి ఉత్తర ధ్రువం ఉత్తరానికే ఎందుకు తిరుగుతుంది? ఆర్కిటిక్‌లో ఉన్నది నిజానికి అయస్కాంతపరంగా దక్షిణ ధ్రువం కాబట్టి. భూమి లోపల దండాయస్కాంతమేమీ లేదు. ఇనుము 770 డిగ్రీల సెల్సియస్ దాటితే అయస్కాంతంగా నిలవదు, భూకేంద్రకం వేడి అంతకు ఎన్నో రెట్లు. బాహ్య కేంద్రకంలో ద్రవ ఇనుము సుళ్లు తిరుగుతూ పుట్టించే విద్యుత్ ప్రవాహాలే ఈ క్షేత్రానికి మూలం.

అందుకే ధ్రువం ఒకచోట ఆగదు. 1831లో బ్రిటిష్ అన్వేషకుడు జేమ్స్ క్లార్క్ రాస్, సూది దాదాపు నిటారుగా కిందికి వాలే ఆ చోటును కెనడాలోని బూథియా ద్వీపకల్పంలో గుర్తించాడు. ఆ తర్వాత అది సైబీరియా వైపు జరుగుతూ వచ్చింది.

కాబట్టి సూది చూపే ఉత్తరమూ మ్యాపులోని అసలు ఉత్తరమూ ఒకటి కావు; వాటి మధ్య కోణాన్ని దిక్పాతం అంటారు. మ్యాపుతో దారి వెతికేటప్పుడు ఈ తేడాను సరిచేయాలి. మీ ప్రాంతపు దిక్పాతం 10 డిగ్రీలు తూర్పు అయితే, అసలు ఉత్తరం సూది చూపేదానికి 10 డిగ్రీలు ఎడమగా ఉంటుంది. మ్యాపు అచ్చయిన సంవత్సరమూ చూడండి: పాత మ్యాపులోని దిక్పాతం ఇప్పటికి సరిపోకపోవచ్చు.