ఐపీ పాఠాలు – 4: భర్త ఐపీ పెడితే భార్య ఆస్తి సంగతి (మళ్లీ)

మూడో పాఠం చివర ఇచ్చిన లెక్కకి (భర్త ఇల్లు భార్యకి రాసిచ్చి, తర్వాత ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెడితే ఆ ఇల్లు ఎవరిది అని) వచ్చిన జవాబులు చదివాక, ఈ వారం చెప్పాల్సిన రిసీవర్ (దివాలా ఆస్తిని చేతిలోకి తీసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి) పాఠం పక్కన పెట్టేశాను. "కాగితం ఎవరి పేరున ఉంటే ఆస్తి వాళ్లదే, మొగుడు ఐపీ పెట్టినంత మాత్రాన పెళ్లాం ఆస్తి పోదు" అని నేను రాసిన ఒక్క ముక్క పట్టుకుని, సగానికి సగం మంది "అయితే ముందు ఇల్లు ఆవిడ పేరున రాసేసి, తర్వాత ఐపీ పెడితే సరిపోతుంది" అని తేల్చేశారు. ఆ ముక్క కింద ఇంకో రెండు పేరాలున్నాయి, అవి ఎవరూ చదివినట్టు లేరు.

సరే, మొదటి నుంచి. గోవా సంగతి వేరు గానీ, మన దగ్గర పెళ్లయినంత మాత్రాన ఇద్దరి ఆస్తులూ కలిసిపోవు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం 28వ సెక్షన్ కింద కోర్టు చేతికో రిసీవర్ చేతికో వెళ్లేది దివాలా తీసినవాడి ఆస్తే. 2016లో కొత్త దివాలా కోడ్ (ఐబీసీ) వచ్చింది కదా అంటారేమో, అందులో వ్యక్తుల దివాలా భాగం 2019 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కంపెనీ అప్పులకి హామీ ఉన్నవాళ్ల వరకే. కిరాణా కొట్టు, మిర్చి వ్యాపారం, చేబదుళ్లు, ఇవన్నీ ఇంకా పాత చట్టంలోనే. కాబట్టి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం, ఆవిడ జీతంతో కొన్న ఫ్లాటు, పెళ్లిలో పెట్టిన బంగారం ఆవిడవే. మంగళసూత్రం గురించి అడిగారు: మతాచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీంచి తీయకూడని నగల్ని సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 60వ సెక్షనే జప్తు నుంచి మినహాయించింది. మెళ్లో హారం మాత్రం ఆవిడదైతే ఆవిడది కాబట్టి మిగులుతుంది, ఆ సెక్షన్ వల్ల కాదు.

ఇప్పుడు ఆ "రాసేసి" దగ్గరికి వద్దాం. ఆ 1920 చట్టం 53వ సెక్షన్ చెప్పేది ఇదీ: ఆస్తి బదిలీ చేసిన తేదీ నుంచి రెండేళ్లలోపు దాఖలైన పిటిషన్ మీద ఆ మనిషిని దివాలాదారుగా ప్రకటిస్తే, రిసీవర్ అడిగితే కోర్టు ఆ బదిలీని రద్దు చేయొచ్చు. పోయిన పాఠం లెక్కే తీసుకోండి: 2023 ఆగస్టు 10న గిఫ్ట్ సెటిల్‌మెంట్ రిజిస్టర్ అయింది, 2025 జులై 20న ఐపీ వేశాడు, కోర్టు తేల్చేసరికి 2027 చివర అయింది అనుకోండి. "నాలుగేళ్లు దాటింది, ఇల్లు సేఫ్" అని రాశారు చాలామంది. తీర్పు తేదీతో పని లేదు, దాఖలు తేదీ చూడాలి. రెండేళ్లకి ఇరవయ్యొక్క రోజులు తక్కువ, కాబట్టి దొరికిపోయినట్టే. దానంతట అదే చెల్లకుండా పోదు, ఎవరో ఒకరు అడగాలి, కోర్టు రద్దు చేయాలి. కానీ అడగకుండా ఊరుకుంటారా?

పోనీ రెండేళ్లు ఆగి పెడతాం అంటారా. అప్పులవాళ్లని ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి రాసేయడమే అదే 1920 చట్టం 6వ సెక్షన్ కింద దివాలా చర్య, అది జరిగిన మూడు నెలల్లోపు వాళ్లే మీ మీద పిటిషన్ వేయొచ్చు. అది జారిపోయినా ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద దావా దారి వేరే ఉంది. రెండు చట్టాల్లోనూ నంబరు 53 కావడంతో చాలామంది తికమకపడ్డారు, ఈసారి చట్టం పేరు కూడా రాయండి.

మినహాయింపులు రెండు. నిజంగా సరైన ధర ఇచ్చి మంచి నమ్మకంతో కొన్నది ఒకటి. పెళ్లికి ముందు, ఆ పెళ్లినే ప్రతిఫలంగా పెట్టుకుని రాసిచ్చింది రెండోది. పదో పెళ్లిరోజుకి ఇచ్చిన ప్లాటు ఈ రెండోదాంట్లోకి రాదు, అడిగినాయనకి దండం.

భర్త డబ్బుతో నేరుగా ఆవిడ పేరున కొన్నది వేరే రకం. ఆవిడ పేరుకే యజమాని అని రిసీవర్ అంటే, నిరూపించాల్సింది అలా అన్నవాళ్లే. డబ్బెక్కడిది, స్వాధీనం ఎవరిది, దస్తావేజులు ఎవరి దగ్గరున్నాయి, ఆమె పేరున కొనడానికి కారణమేంటి, తర్వాత ఎవరెలా నడుచుకున్నారు, ఇవన్నీ చూడాలని 1973లో సుప్రీంకోర్టు జయదయాళ్ పొద్దార్ కేసులో చెప్పింది. నేనైతే ముందు అడ్వాన్స్ చెక్కు ఎవరి ఖాతాలోంచి వెళ్లిందో అడుగుతాను. పన్ను రసీదుల కట్ట తెచ్చి చూపిస్తే నాకు పెద్దగా ఆనదు.

ఇక నాకు నిజంగా చిరాకు తెప్పించేది సంతకం. ఆస్తి ఎవరిదీ అని వంద ప్రశ్నలొచ్చాయి గానీ, ఆవిడ ఎక్కడెక్కడ సంతకం పెట్టిందీ అని ఒక్కరూ అడగలేదు. భర్తకి డిశ్చార్జి (అప్పుల నుంచి కోర్టు ఇచ్చే విడుదల) వచ్చినా, ఆయనతో కలిసి అప్పుకి కట్టుబడినవాళ్లకి, హామీ ఉన్నవాళ్లకి విడుదల రాదని 1920 చట్టం 44వ సెక్షన్‌లోనే ఉంది. హోమ్ లోన్‌లో కో-అప్లికెంట్‌గా పెడితే అప్పు ఆవిడది కూడా. చిట్టీ పాడినప్పుడు హామీ పెడితే, మిగతా వాయిదాలకి చిట్టీ కంపెనీ నేరుగా ఆవిడ మీదికే వస్తుంది. ప్రామిసరీ నోటులో భర్త కింద రెండో సంతకం పెట్టినా అంతే. కొట్టు ఓడీకి (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పుకి) ఆవిడ స్థలం తనఖా పెట్టి, హామీ పత్రం మీద సంతకం పెట్టకపోతే ఆ స్థలం వరకే. కానీ బ్యాంకులు సాధారణంగా రెండూ పెట్టించుకుంటాయి, కట్టలో ఎన్నో పేజీలో ఉందో వెతకండి. సాక్షి సంతకానికి మాత్రం భయం లేదు. హామీ లేని ఒట్టి తనఖా తప్పిస్తే, మిగతా అన్నిటిలో పసుపు కుంకుమ ఎకరానికి కూడా డిక్రీ మీద జప్తు రావచ్చు, అదీ భర్త ఐపీ వల్ల కాదు, ఆవిడ సొంత బాకీ కింద. "ఐపీ పడింది కదా, ఇక మనింటికి ఎవరూ రారు" అనేది ఈ పాఠాల్లో నేను విన్న అతి ఖరీదైన మాట.

రిసీవర్ ఆవిడ ఆస్తిని కూడా జాబితాలో కలిపేస్తే 1920 చట్టం 68వ సెక్షన్ కింద 21 రోజుల్లో కోర్టుకి వెళ్లాలి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఇదంతా అక్కడికి అన్వయించకండి, అక్కడ పెళ్లయ్యాక సంపాదించింది మామూలుగా ఇద్దరిదీ, ఒక్కరు దివాలా తీసినా లెక్కలోకి వస్తుంది.

అభ్యాసం. నరసరావుపేటలో ఎరువుల వ్యాపారి, భార్య టీచరు. 2010లో ఆవిడకి తండ్రి ఎకరం ఇచ్చాడు. 2024 మార్చి 5న భర్త ఇల్లు ఆవిడకి గిఫ్ట్ రాశాడు. అదే నవంబర్‌లో ఆవిడ పేరున ప్లాటు కొన్నారు, సగం ఆవిడ జీతం ఖాతాలోంచి, సగం కొట్టు కరెంట్ ఖాతాలోంచి. భర్త పాడిన చిట్టీకి ఆవిడ హామీ. 2026 మార్చి 2న ఐపీ. నాలుగింటికీ విడివిడిగా ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ తేదీ, రిసీవర్ ఏం వాదిస్తాడు, ఆవిడ ఏ కాగితం చూపించాలి అని రాయండి. తర్వాత మీ ఇంటి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి ఇదే పని చేయండి. "పోతుంది", "పోదు" అని ఒక్క ముక్కలో పంపేవి చదవను.