తరగతి బయట గురుశిష్యులు ఎదురుపడితే ఎలా మసలుకోవాలి

తరగతి గదిలో ఎవరు ఎక్కడ ఉండాలో, ఎవరు ముందుగా మాట్లాడాలో, మాట ఎప్పుడు ముగియాలో ముందే తేలిపోయి ఉంటుంది. అదే ఉపాధ్యాయుడు, అదే విద్యార్థి ఏ దుకాణం వరుసలోనో, ఆసుపత్రి వరండాలోనో, బస్సులో పక్కపక్క సీట్లలోనో తారసపడితే ఆ ఏర్పాట్లలో ఒక్కటీ అక్కడ ఉండదు. మార్కులు వేసే అధికారం మాత్రం ఉపాధ్యాయుడి వెంటే ఉంటుంది. ఇబ్బంది పుట్టేది అక్కడే. కాబట్టి ఆ కలయికను తేలికపరచే బాధ్యతలో ఎక్కువ పాలు ఉపాధ్యాయుడిదేనని నేను గట్టిగా నమ్ముతాను. కింది సూచనలలో చాలావరకు ఉపాధ్యాయులను ఉద్దేశించి ఉండటానికి కారణం అదే.

మొదటి ప్రశ్న పలకరింపు గురించి. ఎదురెదురుగా నడిచే అపరిచితులు ఒకరినొకరు ఒక్క క్షణం చూసి, వెంటనే చూపు మళ్లించుకోవడం ద్వారా ఎదుటివారి ఉనికిని గుర్తిస్తూనే వారి జోలికి రాబోమని తెలియజేసుకుంటారని సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ 1963లో వివరించాడు. స్నేహితులైతే ఆగి మాట్లాడుకుంటారు. గురుశిష్యులు అపరిచితులూ కారు, స్నేహితులూ కారు. అందుకే వారికి ఈ రెండు పద్ధతులూ సరిపడవు. చూపులు కలిసినప్పుడు చిరునవ్వు నవ్వి, పేరు పెట్టి పలకరించి, ఒకటి రెండు మాటలు మాట్లాడి, ముందుగా తామే సెలవు తీసుకోవడం ఉపాధ్యాయులకు అన్నిటికన్నా మంచి పద్ధతి. సెలవు తీసుకోవడం ముఖ్యం, ఎందుకంటే పెద్దవారు కదిలేదాకా కదలడం అమర్యాదేమోనని చాలామంది పిల్లలు అక్కడే నిలబడిపోతారు. చూపులు కలిశాక చూడనట్టు నటించడం మాత్రం ఏ మాత్రం మంచిది కాదు. ఉపాధ్యాయుడు కేవలం మొహమాటంతో తల తిప్పుకున్నా, తన మీద ఏదో కోపం ఉందని విద్యార్థి రాత్రంతా మథనపడవచ్చు. అయితే విద్యార్థే ముందుగా పక్కకు తప్పుకుంటే దానిని జవాబుగా స్వీకరించి వదిలేయాలి, వెంటబడి పలకరించకూడదు.

చిన్నపిల్లల విషయంలో ఉపాధ్యాయులే చొరవ చూపాలి, ఎందుకంటే టీచర్‌కు బడి బయట మరో జీవితం ఉంటుందన్న ఊహే వారికి కొత్త, ఆ ఆశ్చర్యంలో నోట మాట రాదు. తోటివారితో కలిసి ఉన్న కౌమార వయస్కులకు తల పంకించడం చాలు. మానసిక సలహాదారులకు ఇంతకంటే కఠినమైన ఆనవాయితీ ఉంది: బయట ఎదురైనప్పుడు తాము ముందుగా పలకరించబోమని, పలకరించడమో, మానడమో వారి ఇష్టమని సలహా కోసం వచ్చినవారికి వారు ముందే చెప్పి ఉంచుతారు, ఎందుకంటే ఆ పలకరింపే పక్కనున్నవారిలో ప్రశ్నలు రేపవచ్చు. బడిలో సలహాదారుగా పనిచేసేవారు, వెనుకబడిన పిల్లలకు విడిగా పాఠాలు చెప్పేవారు కూడా దీన్ని పాటించడం మంచిది.

ఏం మాట్లాడాలన్న దానికంటే ఏం మాట్లాడకూడదన్నది తేలికగా చెప్పవచ్చు. మార్కులు, హాజరు, ఇంకా ఇవ్వని అసైన్‌మెంట్, తోటి విద్యార్థుల సంగతులు బయట ఎత్తకూడదు. పక్కన తల్లిదండ్రులు ఉన్నప్పుడు ఈ నియమానికి అసలు పరీక్ష ఎదురవుతుంది. "మా అమ్మాయి ఎలా చదువుతోందండీ?" అని తండ్రి అడుగుతాడు, ఆ అమ్మాయి నేల చూపులు చూస్తుంది. అప్పుడు, "నిలబడి మాట్లాడుకునే విషయం కాదండీ, ఒకసారి బడికి రండి, పుస్తకాలు ముందు పెట్టుకుని వివరంగా మాట్లాడుకుందాం" అని చెప్పవచ్చు. ఈ మాటను బాగా చదివే పిల్లల తల్లిదండ్రులకు కూడా ఇదే స్వరంతో చెప్పాలి. చాలామంది ఉపాధ్యాయులు ఇక్కడే తడబడతారు. బాగా చదివేవారిని నడివీధిలో మెచ్చుకుని, మిగిలినవారి విషయంలో మాత్రం తర్వాత మాట్లాడదామంటే, ఆ వాయిదాయే చెడు కబురుగా ఇంటికి చేరుతుంది.

ముఖం తెలిసినట్టే ఉండి, ఎవరో గుర్తుకు రాకపోవడం మరో చిక్కు. రోజూ కొట్టులో చూసే మాంసం వర్తకుడు బస్సులో కనబడితే, ఈయనను ఎక్కడో చూశామని తెలుస్తుంది కానీ ఎవరో తట్టదని మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మాండ్లర్ 1980లో ఒక ఉదాహరణ ఇచ్చాడు. చూసిన ముఖమన్న ఎరుక ఒకటి, ఆ ముఖం ఎవరిదో, ఎక్కడిదో జ్ఞాపకం తెచ్చుకోవడం మరొకటి. పరిచిత స్థలం తోడు లేనప్పుడు రెండోది ఆలస్యమవుతుంది. ఏళ్ల తరబడి వందలాది పిల్లలకు పాఠాలు చెప్పినవారికి ఇది సహజమే, ఇందులో చిన్నతనం లేదు. గుర్తుపట్టినట్టు నటిస్తే రెండో మాటకే బయటపడుతుంది, అప్పుడు విద్యార్థి మనసు నిజంగానే నొచ్చుకుంటుంది. "ముఖం బాగా గుర్తుంది, పేరు నోటికి రావడం లేదు, ఒక్కసారి చెప్పు" అంటే సరిపోతుంది. పూర్వ విద్యార్థులు కూడా "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అని పరీక్ష పెట్టకుండా, తమ పేరు, చదివిన ఏడాది, ఆ ఉపాధ్యాయుడు చెప్పిన పాఠ్యాంశం మొదటి వాక్యంలోనే చెప్పాలి.

నలిగిన బట్టల్లోనో, వ్యాయామశాలలో చెమటతోనో, చేతిలో నలుగురూ చూడకూడదనుకునే వస్తువుతోనో కనబడటం వల్ల కలిగే బెరుకు ఇరువైపులా ఉంటుంది. దానికి కొంత ఊరట ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ప్రయోగాలలో ఒకదానిలో, ఇబ్బంది కలిగించే బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని గదిలోకి వెళ్లిన విద్యార్థులు, అక్కడున్నవారిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని అనుకున్నారు. నిజానికి గమనించినవారు దాదాపు నాలుగో వంతు మందే. కాబట్టి దుస్తుల గురించి, బుట్టలోని వస్తువుల గురించి ఎవరూ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. సంజాయిషీయే అప్పటిదాకా లేని దృష్టిని వాటి మీదికి తెస్తుంది.

విద్యార్థి పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసే చోటికి ఉపాధ్యాయుడు కొనుగోలుదారుగా వెళ్లే సందర్భానికి ప్రత్యేకమైన శ్రద్ధ కావాలి, ఎందుకంటే అక్కడ సేవ చేసేది విద్యార్థి, అందుకునేది ఉపాధ్యాయుడు. ఆ పనిని గౌరవించే మార్గం మిగిలిన కొనుగోలుదారుల్లాగే మసలుకోవడం: వరుసలో నిలబడటం, రాయితీ ఆశించకపోవడం, అందరికీ వినబడేలా "ఇతను నా స్టూడెంట్" అని ప్రకటించకపోవడం. ఈ ఉద్యోగం వల్ల చదువు పాడవుతుందేమోనన్న హితబోధ అక్కడ అసలే వద్దు; ఆ జీతం ఇంట్లో దేనికి ఆధారమో మనకు తెలియకపోవచ్చు.

క్లాసు ఎగ్గొట్టి తిరుగుతున్న విద్యార్థి కంటపడితే వీధిలో నిలదీయడం వల్ల ప్రయోజనం లేదు, మరునాడు ఒంటరిగా పిలిచి అడగవచ్చు. స్నేహితుడితోనో, స్నేహితురాలితోనో కనబడితే అదీ అవసరం లేదు, అది ఉపాధ్యాయుడి పరిధి కాదు. కానీ విద్యార్థికి గాయమైనా, మత్తులో ఒంటి మీద తెలివి లేకున్నా, ఎవరైనా బెదిరిస్తున్నట్టు అనిపించినా, పైన చెప్పిన దూరమంతా పక్కన పెట్టి ఆగాల్సిందే. ముందు క్షేమంగా ఉన్నట్టు చూసుకోవాలి, ఇంటివారికి గానీ అత్యవసర సేవలకు గానీ ఫోన్ చేయాలి, ఆ తర్వాత బడిలో బాధ్యులకు తెలియజేయాలి. అయితే కబురు చేస్తే ఇంట్లోనే ముప్పు ఉందని విద్యార్థి చెబితే, ఆ మాటను తేలికగా తీసుకోకుండా ముందుగా బడి బాధ్యులతోనో, బాలల సంరక్షణ చూసేవారితోనో మాట్లాడాలి. మైనర్‌ను ఒంటరిగా సొంత వాహనంలో ఎక్కించుకోవలసిన అగత్యం వస్తే, బయలుదేరే ముందే ఆ సంగతి మరో పెద్దవారికి చెప్పి ఉంచడం ఇద్దరికీ రక్షణ.

పక్కపక్క సీట్లలో గంటల ప్రయాణం చేయవలసి వస్తే, నాలుగు మాటలయ్యాక "నేను కాసేపు చదువుకుంటాను, నువ్వూ నీ పని చూసుకో" అని ఉపాధ్యాయుడే అనాలి. ఆ అనుమతి కోసమే విద్యార్థి ఎదురుచూస్తూ ఉంటాడు. సోషల్ మీడియాలో ప్రస్తుత విద్యార్థుల నుంచి వచ్చే ఫ్రెండ్ రిక్వెస్టులను ఒప్పుకోకపోవడమే మేలు. ఆ సంగతి ఏడాది మొదట్లోనే తరగతికంతటికీ చెబితే, తన ఒక్కడి రిక్వెస్టునే కాదన్నారని ఎవరూ బాధపడరు.

కలుసుకున్న మరునాడు తరగతిలో ఆ ప్రస్తావన తేవడం అన్నిటికన్నా తరచుగా జరిగే పొరపాటు. "నిన్న సినిమా హాల్లో కనిపించావే" అని ఆప్యాయంగా అన్నా, ఆ విద్యార్థి ఎవరితో వెళ్లాడో, ఇంట్లో ఏం చెప్పి వెళ్లాడో మనకు తెలియదు, వినేవారు మాత్రం తరగతి నిండా ఉంటారు. విద్యార్థులు కూడా టీచర్ ఎక్కడ, ఎవరితో కనబడ్డారన్న కబురును, ముఖ్యంగా అడగకుండా తీసిన ఫోటోను, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. విద్యార్థి తనంతట తానే ఆ మాట ఎత్తితే, అతను చెప్పదలచుకున్నంత వరకు విని, ఉపాధ్యాయుడు పాఠంలోకి వెళ్లవచ్చు.