కొత్తగా పిస్టల్ కొన్నవారికి – పాఠం 3: రేంజ్ బ్యాగ్, శుభ్రం చేసే సామాను

కిందటి రెండు పాఠాల్లో నాలుగు భద్రతా నియమాలు చెప్పుకున్నాం, ఖాళీ పిస్టల్‌ని చేతిలో ఎలా పట్టుకోవాలో చూశాం. ఈ పాఠమంతా సామాను గురించే. టెక్సాస్‌లో, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండే మనవాళ్లు గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో వచ్చాక పిస్టల్ కొనడం ఇప్పుడు మామూలైపోయింది. కొన్నరోజే దానికి లైటు, లేజరు, రంగురంగుల గ్రిప్పులు కూడా తీసేసుకుంటున్నారు, కానీ చెవులకి మాత్రం రేంజ్ (కాల్చడం సాధన చేసే చోటు) కౌంటర్‌లో అద్దెకిచ్చే, చెవులని కప్పే వదులైపోయిన మఫ్‌లతోనే సరిపెట్టుకుంటున్నారు. నా మాట వినండి, ముందు డబ్బు పెట్టాల్సింది చెవులకి, కళ్లకి, తాళానికి, చేతులు కడుక్కునే సబ్బుకి. పిస్టల్‌కి తగిలించే సామాను ఒక ఏడాది ఆగినా నష్టం లేదు.

సామాను కంటే ముందు ఒక్క విషయం, ఇది తెలియక చిక్కుల్లో పడే అవకాశం మనవాళ్లకే ఎక్కువ. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1, విజిటర్ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాసేపు కాల్చినా అదే లెక్క. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. 2022 సవరణ తర్వాత దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. అమ్మానాన్నలు వేసవికి వచ్చారు కదా, సరదాగా ఒక్క షాట్ కాల్పిద్దాం అనుకోవద్దు. మీకు గ్రీన్‌కార్డు వచ్చి భార్యకో భర్తకో ఇంకా రాకపోతే, సేఫ్ తాళం ఎవరి దగ్గర ఉండాలనేది కూడా లాయర్‌ని అడిగి తెలుసుకోండి.

ఇక చెవులు. పిస్టల్ పేలితే వచ్చే శబ్దం సుమారు 150 నుంచి 165 డెసిబెల్స్ వరకు ఉంటుంది. 140 దాటిన ఇలాంటి శబ్దం ఒక్కసారి చెవిన పడినా వినికిడి దెబ్బతినొచ్చు, అలా పోయిన వినికిడి తిరిగి రాదు. మఫ్ డబ్బా మీద ఎన్ఆర్ఆర్ అని ఒక అంకె ఉంటుంది, అది ఎంత ఎక్కువుంటే అంత రక్షణ. ఫోమ్ ప్లగ్‌లకి 32, 33 దాకా ఉంటుంది, మఫ్‌లకి ఎక్కువగా 22 నుంచి 30 మధ్యలో. రెండూ కలిపి పెట్టుకుంటే అంకెలు కూడవు, పెద్ద అంకె మీద ఇంకో 5 డెసిబెల్స్ రక్షణ మాత్రమే పెరుగుతుంది. అయినా ఇండోర్ రేంజ్‌లో ఆ 5 వదులుకోవద్దు, ఎందుకంటే పక్క లేన్‌లో ఎవరు ఏం తెచ్చి కాలుస్తారో మన చేతిలో లేదు, గోడలు ఆ శబ్దాన్ని తిప్పి మన మీదికే కొడతాయి.

ఫోమ్ ప్లగ్ పెట్టుకునే పద్ధతి చాలామందికి తెలియదు, సగం బయటికి వేలాడుతూ ఉంటుంది. శుభ్రమైన చేతులతో ప్లగ్‌ని సన్నగా పుల్లలా నలపండి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగితే చెవి లోపలి దారి తిన్నగా అవుతుంది. ప్లగ్‌ని లోపలికి తోసి, అది ఉబ్బి నిండేదాకా అర నిమిషం వేలితో అలాగే పట్టుకోండి. అద్దంలో ఎదురుగా చూసుకుంటే ప్లగ్ చెవి బయటికి పొడుచుకుని కనబడకూడదు. దాని మీద మఫ్. ఎలక్ట్రానిక్ మఫ్ అయితే మరీ మంచిది, పేలుడు శబ్దాన్ని ఆపి మాటల్ని వినిపిస్తుంది, రేంజ్ ఆఫీసర్ "సీజ్ ఫైర్" (కాల్చడం ఆపండి) అని అరిస్తే వినబడాలి కదా. 50 డాలర్ల ప్రాంతంలో మంచివే దొరుకుతాయి.

కళ్లకి జెడ్87 (రక్షణ కళ్లద్దాల ప్రమాణం) ముద్ర ఉన్న కళ్లద్దాలు, పక్కల నుంచి కూడా కప్పేవి తీసుకోండి. రోజూ పెట్టుకునే పవర్ అద్దాలు చాలవు, వాటి మీద వేసుకునే పెద్ద సైజు అద్దాలు దొరుకుతాయి. బట్టల విషయంలో ఒక్కటే గుర్తుంచుకోండి, ఖాళీ తూటా గొట్టం వేడివేడిగా ఎగిరి మెడలోంచి చొక్కా లోపల పడితే మనిషి గెంతులు వేస్తాడు, ఆ గెంతులో చేతిలోని పిస్టల్ ఎటు తిరుగుతుందో తెలియదు. మెడ దాకా మూసుండే టీషర్టు, ముందుకి అంచున్న టోపీ, బూట్లు. చెప్పులూ శాండల్సూ వద్దు.

బ్యాగ్‌లో మిగతావి. తాళం పడే చిన్న పెట్టె, అందులో ఖాళీ పిస్టల్, ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గుంటలో, ఖాళీ అని తెలిసేలా రంగు ప్లాస్టిక్ ఫ్లాగ్. తూటాలు విడిగా ఇంకో అరలో. కొత్తవాళ్లకి 115 గ్రెయిన్ (గుండు బరువు) ఫుల్ మెటల్ జాకెట్ (గుండు చుట్టూ లోహపు తొడుగు ఉన్న) 9ఎంఎం సరిపోతుంది, కొనేముందు బ్యారెల్ (పిస్టల్ గొట్టం) మీద రాసున్నదీ డబ్బా మీద రాసున్నదీ ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. కొన్ని ఇండోర్ రేంజ్‌లు అయస్కాంతం పెట్టి చూసి, అంటుకునే తూటాలని రానివ్వవు, చవగ్గా వచ్చాయని డబ్బాలకి డబ్బాలు కొనేముందు వాళ్లని అడగండి. మ్యాగజైన్‌లో తూటాలు నింపే లోడర్ ఒకటి తీసుకోండి, అది విలాసం కాదు, కొత్త మ్యాగజైన్ స్ప్రింగ్ గట్టిగా ఉండి చివరి రెండు మూడు తూటాలకి బొటనవేలు వాచిపోతుంది, వాచిన వేలితో గురి నేర్చుకోలేరు. రక్తస్రావం ఆపే బిగింపు పట్టీ, టూర్నికే, కూడా బ్యాగ్ బయటి జేబులో ఉండాలి, కానీ వాడటం నేర్చుకోకుండా కొంటే లాభం లేదు, "స్టాప్ ది బ్లీడ్" క్లాసులు చాలా ఊళ్లలో జరుగుతుంటాయి, ఒక పూట కేటాయించండి.

ఈ బ్యాగ్‌ని ఇంకే పనికీ వాడొద్దు. జిమ్‌కి వద్దు, ఆఫీసుకి వద్దు, ఇండియా ప్రయాణానికి అసలే వద్దు. ఏదో అరలో, కుట్టు మడతలో ఒక్క తూటా మిగిలిపోయి ఎయిర్‌పోర్టులో బయటపడితే, ఇక్కడ టీఎస్ఏ (ఎయిర్‌పోర్టు తనిఖీ సంస్థ) జరిమానా దాకా వెళ్లొచ్చు, శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. మర్చిపోయాను అని కోర్టులో రుజువు చేసుకునే సరికి సెలవులన్నీ అయిపోతాయి. రేంజ్‌కి వేసుకెళ్లిన జాకెట్, ప్యాంటు జేబులు కూడా అంతే, సూట్‌కేస్‌లో పెట్టేముందు తిరగేసి చూడండి.

ఇప్పుడు సీసం. దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే నేను ఎక్కువ చెబుతున్నాను. తూటాలో సీసం ఉంటుందని అందరికీ తెలుసు, కానీ చాలా రకాల తూటాల వెనక ఉండే ప్రైమర్‌లో కూడా సీసం సమ్మేళనం ఉంటుంది, పేలిన ప్రతిసారీ అది పొగలో కలిసి చేతుల మీద, ముఖం మీద, జుట్టులో, బట్టల మీద పడుతుంది. పెద్దవాళ్ల కంటే చిన్నపిల్లల మెదడుకి ఇది ఎక్కువ ముప్పు. గర్భిణులు ఇండోర్ రేంజ్‌కి వెళ్లకపోవడమే మంచిది, సీసం కడుపులో బిడ్డకి చేరుతుంది, శబ్దం కూడా చేరుతుంది, బిడ్డ చెవులకి మఫ్ పెట్టలేం. రేంజ్ లోపల ఏమీ తినొద్దు, తాగొద్దు, ముఖం తడుముకోవద్దు. బయటికి రాగానే చల్లటి నీళ్లతో, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోండి. సీసం తుడిచే ప్రత్యేక వైప్స్ ఉన్నాయి, ఒక ప్యాకెట్ బ్యాగ్‌లో వేసుకోండి, శానిటైజర్ సీసాన్ని తియ్యదు. కింద పడ్డ ఖాళీ తూటా గొట్టాలు ఏరి టోపీలో పోసుకునేవాళ్లు ఉంటారు, ఆ టోపీ మళ్లీ నెత్తినే పెట్టుకుంటారు. ఇంటికి రాగానే గుమ్మం బయటే బూట్లు విప్పడం మనకి ఎలాగూ అలవాటే, దానికి ఇంకొకటి కలపండి: బట్టలు విడిగా ఉతకాలి, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి.

శుభ్రం చేసే సామాను చాలా తక్కువ. మీ క్యాలిబర్‌కి (గొట్టం లోపలి సైజుకి) సరిపడే రాడ్డు, కంచు బ్రష్షు, దానికి జోడుగా గుడ్డముక్క పట్టే జాగ్, ఒక కట్ట కాటన్ ప్యాచ్‌లు, టూత్ బ్రష్షులా ఉండే నైలాన్ బ్రష్షు, మసి కరిగించే సాల్వెంట్, నూనె. సాల్వెంట్, నూనె వేరువేరుగా కొనడం ఇష్టం లేకపోతే రెండు పనులూ చేసే సిఎల్‌పి సీసా ఒకటి చాలు. హోప్స్ నంబర్ 9 లాంటి పాతకాలం సాల్వెంట్లు బాగా పనిచేస్తాయి, వాసన మాత్రం ఘాటు, కిటికీలు తీసుకోండి, చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. కారు బ్రేక్ క్లీనర్‌తో ప్లాస్టిక్ ఫ్రేమ్‌ని తుడవొద్దు. బట్టలు కుట్టే మెషీన్ నూనె, వంటనూనె, ఇంట్లో ఉన్న తుప్పు స్ప్రే లాంటివి కూడా వద్దు. 150 డాలర్ల చెక్కపెట్టె కిట్‌లో సగం మీకు అక్కర్లేని క్యాలిబర్ల బ్రష్షులే ఉంటాయి, 25, 30 డాలర్లలో పిస్టల్‌కి కావలసినవన్నీ వచ్చేస్తాయి.

పని మొదలుపెట్టే పద్ధతి దగ్గర మాత్రం తొందరపడకండి, శుభ్రం చేస్తూ పేలిందన్న వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు, డబ్బాలు, నింపిన మ్యాగజైన్లు పక్కగదిలోకి పంపెయ్యండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, పిల్లలు నిద్రపోయాక మొదలుపెట్టండి. పిస్టల్ గొట్టాన్ని సురక్షితమైన వైపు తిప్పాలి, అపార్ట్‌మెంట్‌లో ఆ వైపు దొరకడం కష్టం, డ్రైవాల్‌ని తూటా కాగితంలా దాటి పక్కింట్లోకి వెళ్తుంది, కింది ఇంట్లోకీ వెళ్తుంది. ఇటుక గోడో, పుస్తకాలు నిండుగా ఉన్న అల్మరానో చూసుకోండి, అదీ లేకపోతే బల్ల ఉన్న రేంజ్‌లోనే తుడుచుకుని రండి.

మొదట మ్యాగజైన్ తియ్యాలి. ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) లాగాలి. ఈ వరస తప్పితే, అంటే మ్యాగజైన్ లోపలుండగా స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, ఛాంబర్‌లోకి కొత్త తూటా ఎక్కి కూర్చుంటుంది, మీరేమో ఖాళీ అనుకుంటారు. స్లైడ్‌ని వెనక్కి లాగి లాక్ చేసి, వెలుతురులో ఛాంబర్ లోపలికి చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి, ఖాళీ గుంట వేలికి తగలాలి. చూపు తిప్పుకుని గోడ వైపు చూసి, మళ్లీ ఒకసారి ఛాంబర్ చూడండి. గ్లాక్ 19 లాంటి పిస్టళ్లు విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు, అందుకే ఇన్ని సార్లు చూడమంటున్నాను. సిగ్ పి320, పి365లకి పక్కన లివర్ తిప్పితే సరిపోతుంది, ట్రిగ్గర్ ముట్టుకోనక్కర్లేదు. ఏదైనా సరే, మీ మోడల్ మాన్యువల్ బల్ల మీద తెరిచి పెట్టుకునే విప్పండి.

స్లైడ్, బ్యారెల్, స్ప్రింగ్, ఫ్రేమ్, ఈ నాలుగు ముక్కలైతే చాలు, ఇంకా లోతుకి వెళ్లొద్దు. బ్యారెల్‌ని వెనక వైపు నుంచే, అంటే తూటా కూర్చునే వైపు నుంచే, సాల్వెంట్ తడి ప్యాచ్‌తో ఒకసారి తుడవండి, అయిదు నిమిషాలు నాననివ్వండి, తర్వాత కంచు బ్రష్షుని ఈ చివర నుంచి ఆ చివరకి పూర్తిగా దాటించండి, గొట్టం మధ్యలో దిశ మార్చొద్దు. తర్వాత పొడి ప్యాచ్‌లు. మొదటిది కుంపటిలోంచి తీసినట్టు నల్లగా వస్తుంది, రెండోది బూడిదరంగులో, నాలుగైదు అయ్యేసరికి లేత మరక మాత్రమే ఉంటుంది. అక్కడ ఆపెయ్యండి, తెల్లగా వచ్చేదాకా రుద్దితే మంచిదనుకోవడం భ్రమ. స్లైడ్ లోపల తూటా వెనకభాగం ఆనే ముఖాన్నీ, ఖాళీ తూటా గొట్టం పట్టి లాగే కొక్కెం కిందనీ నైలాన్ బ్రష్షుతో రుద్దండి, మసి ఎక్కువ పేరుకునేది అక్కడే.

నూనె తక్కువ. లోహం లోహాన్ని రాసుకుంటూ మెరిసిన చోట్లు కళ్లకే కనిపిస్తాయి, బ్యారెల్ పైభాగం, స్లైడ్ జారే పట్టాలు, అక్కడ ఒక్కో చుక్క వేసి వేలితో పలచగా పరిస్తే చాలు. స్ట్రైకర్ (ప్రైమర్‌ని కొట్టే పిన్ను) ఉండే గొట్టంలోకి నూనె వెళ్లకూడదు, అక్కడ మసితో కలిసి జిగురైపోతే అవసరమైనప్పుడు పేలదు. తిరిగి అమర్చాక, ఖాళీ అని ఇంకోసారి చూసి, స్లైడ్ రెండు మూడుసార్లు లాగి, సురక్షితమైన వైపు ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి అన్నీ సరిగ్గా కదులుతున్నాయో లేదో చూడండి. మురికి ప్యాచ్‌లూ గ్లవ్సూ కవర్లో మూట కట్టి పారెయ్యండి, బల్లని తడిగుడ్డతో తుడవండి, చీపురుతో ఊడిస్తే సీసం గాల్లోకి లేస్తుంది. డైనింగ్ టేబుల్ మీద ఈ పని చెయ్యనే వద్దు.

ఆ తర్వాత పిస్టల్ నేరుగా తాళంలోకి. టెక్సాస్ చట్టం ప్రకారం నింపిన తుపాకీని నిర్లక్ష్యంగా వదిలేసి, అది 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందితే అది పెద్దల నేరం. చీరల బీరువాలో మడతల కిందో, దుప్పట్ల అరలోనో దాచడం తాళం కాదు, పిల్లలకి ఇంట్లో తెలియని చోటు ఉండదు.

నాలుగో పాఠంలో గ్రిప్, నిలబడే తీరు, గురి చూసే సైట్స్ కలపడం చూద్దాం. అప్పటిదాకా తూటాలు కొనొద్దు. పైన చెప్పిన ఖాళీ చూసే వరసని రోజూ ఒకసారి చెయ్యండి, ఫోమ్ ప్లగ్ పెట్టుకోవడం అద్దం ముందు అలవాటు చేసుకోండి. మీ మోడల్ మాన్యువల్లో విప్పే పేజీ, నూనె వేసే చోట్ల పేజీ చదివి, అర్థం కానివి కాగితం మీద రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడదాం.