వానలకి ముందు పాత సిమెట్రీ క్లీన్ చేస్తున్నారా, బ్రష్ పట్టుకునే ముందు ఇది చదవండి

వానలు దగ్గర పడుతున్నాయంటే శివార్లలో ఉన్న పాత సిమెట్రీల్లో క్లీనింగ్ హడావుడి మొదలవుతుంది, గడ్డి కొట్టేద్దాం, నాచు గీకేద్దాం, ఒరిగిపోయిన రాళ్లు నిలబెట్టేద్దాం అని పదిమంది గునపాలూ బకెట్లూ పట్టుకుని దిగిపోతారు. మనసు మంచిదే కానీ వందేళ్ల వానకి చెక్కుచెదరని అక్షరాలు ఒక్క పూట వైర్ బ్రష్‌కి పోతాయి, పైగా మనుషులకి దెబ్బలు తగిలేది కూడా ఇలాంటి రోజుల్లోనే. అందుకే ఏం చెయ్యాలి అనేదానికంటే దేని జోలికి వెళ్లకూడదు అనేదే ఎక్కువ రాస్తున్నా.

అసలు ఇవి ఊరి బయటికి ఎలా వచ్చాయో తెలిస్తే వీటి సమస్య సగం అర్థమైపోతుంది. యూరప్‌లో ఒకప్పుడు చర్చి పక్కనే పూడ్చేవాళ్లు, వందల ఏళ్లు అదే నేలలో ఒకరి మీద ఒకరిని. పారిస్‌లో ఇన్నోసెంట్స్ అనే శ్మశానం పక్కింటి సెల్లార్ గోడ 1780లో ఆ బరువుకి పగిలిపోయింది, దాంతో మూసేశారు, తర్వాత ఎముకలన్నీ తవ్వి తీసి పాత రాతి క్వారీల సొరంగాల్లోకి మార్చారు, ఇప్పుడు టూరిస్టులు దిగి చూసే కాటకూంబ్స్ అవే. 1804లో అప్పటి పారిస్ హద్దుల అవతల పెర్ లషేజ్ అనే కొత్త సిమెట్రీ తెరిచారు, అంత దూరం ఎవరెళ్తారని మొదట్లో జనం పెద్దగా పట్టించుకోలేదు, 1817లో పేరున్న ఫ్రెంచ్ నాటకకర్త మోలియేర్‌వి అని చెప్పే అవశేషాలని అక్కడికి తీసుకొచ్చాకే గిరాకీ పెరిగింది. తర్వాత బోస్టన్ దగ్గర మౌంట్ ఆబర్న్ 1831లో, లండన్ శివార్లలో కెన్సల్ గ్రీన్ 1833లో, హైగేట్ 1839లో, అన్నీ తోటల్లాగా ప్లాన్ చేసినవే. కాకపోతే లండన్‌లో ఇవి కంపెనీలు పెట్టినవి, సమాధికి జాగా అమ్మితే వచ్చేదే ప్రధాన ఆదాయం, జాగా నిండిపోయాక ఆదాయం ఆగిపోతుంది, గడ్డి మాత్రం ఆగదు కదా. హైగేట్‌లో సరిగ్గా ఇదే అయింది, అడవి అయిపోయింది, 1975లో స్థానికులు ఒక సంఘంగా ఏర్పడి చేతుల్లోకి తీసుకున్నారు. కాబట్టి మెయింటెనెన్స్ అంటే చాలా చోట్ల మనలాంటి వాలంటీర్లే, ట్రైనింగ్ లేని వాళ్లే.

అన్నిటికంటే ముందు ఒరిగిన రాళ్ల సంగతి. మీటరు ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న మామూలు గ్రానైట్ పలక లెక్కేసి చూడండి, 150 కేజీల పైనే వస్తుంది. చూడ్డానికి చిన్నదే, మీద పడితే కాలు నుజ్జే. ఇంగ్లండ్‌లో హారోగేట్‌లో 2000లో సమాధి రాయి మీద పడి ఆరేళ్ల పిల్లాడు చనిపోయాడు, ఆ తర్వాతే అక్కడి కౌన్సిళ్లు వేల రాళ్లని చెక్ చేయడం మొదలుపెట్టాయి, కొన్ని చోట్ల మరీ అతి చేసి బాగున్నవి కూడా పడుకోబెట్టేస్తే కుటుంబాలు గొడవపెట్టుకున్నాయి, చివరికి 2009లో ప్రభుత్వమే కంగారు వద్దు, ప్రమాదాన్ని బట్టి చూసుకోండి అని గైడెన్స్ ఇచ్చింది. నా ఉద్దేశంలో వాలంటీర్లు అసలు తోసి చూడనే కూడదు. కంటితో చూడండి, కింద దిమ్మకీ రాయికీ మధ్య జాయింట్‌లో సందు ఉందా, ఒక పక్క మట్టి కొట్టుకుపోయిందా, రాయి మొదట్లో అడ్డంగా పగులు ఉందా. ఏది ఉన్నా దాని ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దూరంలో చుట్టూ టేప్ కట్టేసి, ఆ సిమెట్రీ ఎవరి బాధ్యతో వాళ్లకి చెప్పేయండి. ముందూ వెనకా నిలబడొద్దు, పట్టుకుని పైకి లేవొద్దు, దాని మీద చెయ్యేసి ఫోటోలు అస్సలొద్దు. పిల్లల్ని తీసుకొస్తే ఆ రోజు వాళ్లని చూసుకోవడమే ఒకరి డ్యూటీ అనుకోండి, ఎందుకంటే ఎక్కడానికి శిలువలూ పలకలూ వాళ్లకి భలే ఉంటాయి.

నేల కూడా నమ్మకూడదు. కింద చెక్క పెట్టె పుచ్చిపోయి పై మట్టి ఒక్కసారి దిగిపోవడం మామూలే, వాన నీళ్లు చేరాక ఇంకా ఎక్కువ, పాత ఇటుక గోరీల పైకప్పు అయితే మరీ మోసం. గడ్డి కింద పల్లంగా కనపడిన చోట అడుగు వేసే ముందు కర్రతో పొడిచి చూసుకోండి, ట్రాక్టర్‌గానీ బరువు బండిగానీ ఆ వరసల మధ్యకి తేవద్దు.

ఇక క్లీనింగ్. ఇక్కడే మంచి మనసుతో ఎక్కువ నాశనం జరుగుతుంది. ముందు కుటుంబం లేదా కమిటీ పర్మిషన్, తర్వాత నాలుగు వైపులా ఫోటోలు. ఆ తర్వాత రాయి ఆరోగ్యం చూడండి, వేలి కణుపుతో మెల్లగా తట్టితే గట్టి రాయి టక్కుమంటుంది, పొర లేచిన ఇసుకరాయి డొల్లగా మోగుతుంది. తెల్ల మార్బుల్ మీద వేలు రాస్తే పంచదారలా గింజలు రాలుతుంటే దాన్ని కడగొద్దు, అంతే, నీళ్లు కూడా వద్దు. మార్బుల్ సున్నపు జాతి రాయి కాబట్టి ఆమ్లం తగిలితే కరుగుతుంది, వెనిగర్, నిమ్మరసం, టాయిలెట్ క్లీనర్ ఇవన్నీ దానికి విషమే. బ్లీచింగ్ వేస్తే ఆ రోజు మల్లెపువ్వులా మెరుస్తుంది, కానీ అందులోని ఉప్పు రాతి రంధ్రాల్లోకి దిగి, ఎండినప్పుడు గడ్డకట్టి, లోపలి నుంచి పెచ్చులు లేపుతుంది, ఆ సంగతి మనకి తెలిసేది కొన్నేళ్ల తర్వాత. ప్రెషర్ వాషర్, వైర్ బ్రష్, గ్రైండర్ ఇవి గేటు బయటే ఉండాలి.

చెయ్యాల్సింది చాలా సింపుల్. బోలెడు మంచినీళ్లు, మెత్తని నైలాన్ లేదా సహజ పీచు బ్రష్. రాయిని ముందు బాగా తడపండి, కింది నుంచి పైకి రుద్దండి, ఎందుకంటే పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడి రాయి మీద చారలు కట్టేస్తాయి, ప్రతి కాసేపటికీ కడుగుతూ ఉండండి. నల్లగా పట్టిన నాచుకి అమెరికాలో సైనికుల సమాధుల మార్బుల్ మీద పరీక్షించి చూసిన డీ2 లాంటి బయోసైడ్లు, అంటే నాచుని చంపే మందులు, ఉన్నాయి, కొట్టి వదిలేస్తే వారాల మీద మెల్లగా తెల్లబడుతుంది. ముందు ఒక మూల చిన్న ముక్కలో ట్రై చెయ్యండి. కొత్తదానిలా అవ్వాలని మాత్రం రుద్దొద్దు, పాతరాయి పాతగానే ఉండనివ్వండి. రాత్రి గడ్డకట్టే చలి ఉన్న చోట అయితే సాయంత్రాలు కడగొద్దు, రాతిలో దిగిన నీరు ఐసు అయితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, దానికి రాయి చీలిపోతుంది.

విరిగిన రాయిని సిమెంట్‌తో అతికించే మహానుభావులు ప్రతి ఊళ్లో ఉంటారు. సిమెంట్ పాత మెత్తని రాయికంటే గట్టిది, తడిని బయటికి పోనివ్వదు, చివరికి సిమెంట్ నిలబడి పక్కన రాయి పగులుతుంది. అది సున్నపు మోర్టార్ తెలిసిన పనివాళ్ల పని. మనం చెయ్యగలిగింది ముక్కల్ని అక్కడే ఒక పక్కన పెట్టి, ఏ సమాధిదో రాసి ఉంచడం, ఇంటికి తీసుకెళ్లి దాచొద్దు, ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

గడ్డి మిషన్ విషయం చిన్నదే గానీ చెప్పాలి, తిరిగే నైలాన్ దారం మార్బుల్ అంచుకి తగిలితే ఏడాదికింత చొప్పున అరగదీసేస్తుంది, రాయి మొదట్లో జానెడు జాగా కత్తెరతో చేత్తోనే కోయండి. కలుపు మందు రాయి చుట్టూ కొట్టొద్దు, దాంట్లోనూ లవణాలుంటాయి, పైగా గడ్డి వేళ్లు చచ్చి మట్టి వదులైతే మొదటి వానకే రాయి ఒరుగుతుంది.

అక్షరాలు కనపడట్లేదని పిండి, సుద్ద, షేవింగ్ క్రీమ్ పూసే వీడియోలు చూసి మోసపోవద్దు. ఒక నిలువుటద్దం తీసుకెళ్లి ఎండ వెలుగు పక్క నుంచి రాయి మీద ఏటవాలుగా పడేలా తిప్పండి, చెక్కుడులో నీడలు పడి పేరు, సంవత్సరం తేలిపోతాయి, ఫోటో తీసుకోండి, రాయిని తాకాల్సిన అవసరమే లేదు. నిజంగా ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైన పని.

మిగతావి మామూలు జాగ్రత్తలే, గట్టి బూట్లు, గ్లవ్స్, టెటనస్ ఇంజక్షన్ టైమ్‌కి వేయించుకుని ఉండటం, గోరీల సందుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిపి చూడటం, పాములూ కందిరీగలూ అక్కడే ఉంటాయి. పాత ఇనప కంచెల పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా గీకొద్దు. ఇంకోటి చాలామందికి తెలియనిది, అమెరికాలో 19వ శతాబ్దం చివర్లో శవాలు పాడవకుండా ఆర్సెనిక్ వాడేవాళ్లు, అలాంటి చోట తవ్వకం అసలు వద్దు, మట్టి పని అయ్యాక తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.

పెద్ద గాలివాన పడ్డాక వెంటనే లోపలికి పరుగెత్తొద్దు. విరిగి చెట్టుకే వేలాడుతున్న కొమ్మలు తర్వాత ఎప్పుడైనా పడొచ్చు, పైకి చూసుకుంటూ నడవండి. నేల కాస్త ఆరాక ముందు తీసిన ఫోటోలు పట్టుకుని ఒక్కో వరసా పోల్చండి, ఏ రాయి కొత్తగా ఒరిగిందో, ఎక్కడ పల్లం పడిందో నోట్ చేసుకుని టేప్ కట్టండి, నిలబెట్టే పని మాత్రం సరైన తాళ్లూ, గొలుసు కప్పీ, తెలిసిన మనుషులూ వచ్చేదాకా ఆపండి.